పెద్దమ్మ వేరుపొయ్యి

పోయిన వారం మా అపార్టుమెంటుకి ఓట్లవాళ్ళు వచ్చారు. విశాఖపట్నంలో కార్పొరేషను ఎన్నికలు. మేయరు ఎవరన్నది మా వార్డే తేల్చబోతోందని మైకుల్లో ఊదరగొడుతున్నారు. గుమ్మం బయటే చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చారు, ఓట్లప్పుడు తప్ప మరెప్పుడూ కనపడని మర్యాద. ముందు అభ్యర్థి భార్య, పట్టుచీరలో, చేతిలో స్టీలు పళ్ళెంతో. పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, పక్కన దేవుడి పటం. వెనక ఒకడు సంచీ పట్టుకుని నిలబడ్డాడు. సంచీలో ఏముందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "అన్నయ్యగారూ, మీ ఇంట్లో ఓట్లన్నీ మాకేనని దేవుడి మీద ఒక్కమాట అనండి చాలు" అందావిడ. మా ఆయన సోఫాలోంచి లేచి, నవ్వుతూ చెయ్యి చాచి, ఆ బియ్యం గుప్పిట్లోకి తీసుకున్నాడు.

వాళ్ళు ఎదురు ఫ్లాటుకి వెళ్ళాక "అదేటి, సెయ్యి సాపీసినావు?" అన్నాను. కోపమొస్తే నా నోట్లోకి మా ఊరి మాటే వస్తుంది. "బియ్యమే కదా. రేపు రెండో పార్టీవాళ్ళు వస్తే వాళ్ళ దగ్గరా తీసుకుందాం. ఓటు మాత్రం మనిష్టం" అన్నాడు. పారేస్తే బాగుండదని వంటింట్లోకి వెళ్ళి, ఆ గుప్పెడు గింజలూ మా బియ్యం డబ్బాలో పోసి, చేతులు దులుపుకుని మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు. ఆయన పల్లపు మనిషి అయితే నాకింత బాధ ఉండేది కాదు. ఆయనా కొండవాడే, గుమ్మలక్ష్మీపురం వైపు. పసుపు బియ్యం అంటే ఏమిటో తెలియనివాడు కాదు. డబ్బా మూత తీసి చూశాను. తెల్లబియ్యం మీద పచ్చటి గింజలు. నా చిన్నప్పుడు ఇలాగే ఒక కుండలో తేలిన పచ్చటి గింజలు కళ్ళ ముందుకొచ్చాయి.

మా అమ్మావాళ్ళది కొండ మీద చిన్న గూడెం. అక్కడ బడి లేదు. అందుకని నన్ను కింద, అరకు లోయలో, మా పెద్దమ్మ ఇంట్లో ఉంచి చదివించారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే షావుకారు మనవలు గుర్తుపట్టి, మా తాతగారు మీ ఊరికి ఎంత చేశారో తెలుసా అని ఫోన్లు చేస్తారు. వారం వారం సంత జరిగే ఊరని, రైలు పట్టాలు ఊరి కిందుగా పోతాయని, ఊరి పైన రాతి పగులులోంచి ఎండాకాలంలో కూడా ఆగకుండా నీళ్ళు వచ్చే ఊట ఒకటి ఉండేదని చెబితే చాలు. మేము తాగేది ఆ నీళ్ళే. అవే కాలువగా కిందికి పారి మా మడిచెక్కలు తడిపేవి. ఆడవాళ్ళ కబుర్లు, కొట్లాటలు, కొత్తకోడళ్ళ ఏడుపులు అన్నీ ఆ రాళ్ళ దగ్గరే జరిగేవి.

మా పెద్దమ్మ పేరు బుద్రి. మొదటి రైలు కూత వినపడక ముందే లేచేది. బూడిద కింద కప్పి ఉంచిన నిప్పుని ఊది లేపి, పులియబెట్టిన చోడిపిండిని, అంటే రాగిపిండిని, కుండలో పోసి, తెడ్డుతో తిప్పుతూ, చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోరు కాలదా అని నేనడిగితే "కాలిపోతే నిన్ను తిట్టడానికి నోరెక్కడిదే గుంటా" అనేది. ఇంటినిండా అంబలి పులుపు, పొగ, చూరుకి వేలాడదీసిన అడ్డాకుల కట్టల వాసన. కాఫీ పళ్ళు వాకిట్లో ఎండబెట్టిన రోజుల్లో వాటి మురిగిన తీపి వాసన బట్టలకి పట్టేది. బడిలో పంతులుగారి పిల్లలు ముక్కు మూసుకునేవారు. మా పెద్దయ్య, అంటే పెద్దమ్మ మొగుడు, పేరు గాసి. జీలుగు చెట్లెక్కి కల్లు దించేవాడు. పొద్దుటి కల్లు తియ్యగా ఉంటుందని, పెద్దమ్మ చూడకుండా నాకు ఆకుదొన్నెలో గుటకెడు పోసేవాడు. అందరితో నవ్వేవాడు. ఎవరేం అడిగినా కాదనలేకపోయేవాడు. కాదనలేని మనిషి మంచివాడని నేను అప్పట్లో అనుకునేదాన్ని.

మా ఊళ్ళో ఒట్టు అంటే నోటితో వేసేది కాదు, కడుపుతో వేసేది. గట్టు తగాదా పడిన రెండిళ్ళు రాజీ పడాలన్నా, ఊరంతా కలిసి వేటకి వెళ్ళాలన్నా, ప్రతి ఇంటిపెద్దా ఊరి దేవత రాళ్ళ దగ్గర దిసారి చేతి నుంచి పసుపు బియ్యం తీసుకునేవాడు. దిసారి అంటే మా పూజారి, మంచిరోజులు చూసేదీ ఆయనే. ఆ బియ్యం ఇంటికి తెచ్చి, పొయ్యి మీద ఉడుకుతున్న కుండలో వేసేవాళ్ళు. ఆ కుండలోది తిన్నవాళ్ళందరూ ఆ మాటకి కట్టుబడినట్టే. మాట తప్పితే ఆ పొయ్యి కూడు తిన్నవాళ్ళలో ఒకరు చస్తారని నమ్మకం. ఇష్టం లేనివాళ్ళకి ఒకటే దారి. మూడు రాళ్ళు తెచ్చి వేరుపొయ్యి పెట్టుకుని, దాని మీద వండింది తినాలి. ఇంకొకరి వేరుపొయ్యి కూడు తిన్నా సరే, ఒట్టు విడిపోతుంది. బియ్యం చేత్తో పట్టినవాడికి మాత్రం ఏ దారీ లేదు. కానీ మొగుడున్న ఆడది వేరుపొయ్యి పెడితే మొగుణ్ణి వదిలేసినట్టే చూసేవారు, అందుకని ఎవరూ పెట్టేవారు కాదు. కత్తుల దాకా వెళ్ళిన తగాదాలు ఈ ఒట్టుతో చల్లారడం నేను చూశాను. మాకు కోర్టన్నా, పోలీసు స్టేషనన్నా ఆ గుప్పెడు గింజలే.

షావుకారు పల్లం నుంచి ఉప్పు, ఎండుచేపల మూటలతో వచ్చి స్థిరపడినవాడు. నాకు ఊహ తెలిసేసరికి మా చింతపండు, పిప్పళ్ళు, వలిసెలు, కాఫీగింజ అన్నీ అతని గోడౌను మీదుగానే కొండ దిగేవి. మా ఇళ్ళల్లో ఏనాడూ గుక్కెడు నీళ్ళు తాగినవాడు కాదు. కానీ మా పండగలు, మా దేవతలు, ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరికి తాగుడు బలహీనత, అన్నీ మాకంటే బాగా తెలుసు. బొర్రా గుహలు చూడడానికి వచ్చే జనం అరకు దాకా రావడం మొదలయ్యాక, రోడ్డుపక్కన లాడ్జి కడుతున్నాడు. లాడ్జికి నీళ్ళు కావాలి. నీళ్ళు మా ఊటలో ఉన్నాయి. గొట్టం వెయ్యాలంటే పంచాయతీ ఒప్పుకోవాలి. సర్పంచి పదవి ఎప్పుడూ మా కొండవాళ్ళకే రిజర్వు, ఈసారి ఆడవాళ్ళకి అన్నారు. అందుకని షావుకారు తన ఇంట్లో అంట్లు తోమే చిలకమ్మ చేత నామినేషను వేయించాడు. చిలకమ్మ మా మనిషే. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు పోతే షావుకారు పెరట్లో చేరింది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడేది. ఆమెకి కుర్చీ గుర్తు వచ్చింది.

ఊట పోతుందని తెలిసి ఆడవాళ్ళందరూ మా పెద్దమ్మని పట్టుకుని "నువ్వే నిలబడాల" అన్నారు. పెద్దమ్మ నిలబడింది. గుర్తు నిచ్చెన. ఆ మర్నాడే షావుకారు మా వాకిట్లోకి వచ్చాడు. పెద్దమ్మ కూర్చోమనలేదు, తనే మంచం లాక్కుని కూర్చున్నాడు.

"ఏటే బుద్రీ, నామినేసనేసినావంట? నీకెందుకే ఈ గోల? చిలకమ్మ నీకు చెల్లి కాదేటి?"

"సెల్లే. సెల్లిని కుర్సీలో కూకోబెడతావా సావుకారీ, కుర్సీ తుడిపిత్తావా?"

షావుకారు నవ్వాడు. "నీళ్ళెక్కడికి పోతాయే? లాడ్జీలో తాగేదీ మనుషులే కదా."

"తాగడానికైతే కుండట్టుకుని రమ్మను, నానే ముంచి ఇత్తాను. గొట్టమెట్టి లాక్కుపోతానంటే మాత్తరం ఇవ్వను. నా కంఠంలో పేనముండగా ఇవ్వను."

అతను ఇంక పెద్దమ్మ వైపు చూడలేదు. మూల కూర్చుని తాడు పేనుకుంటున్న పెద్దయ్య వైపు తిరిగి "గాసీ, ఓపాలి గోడౌను కాడికి రా, పనుంది" అని లేచి వెళ్ళిపోయాడు. పెద్దయ్య సరేనన్నట్టు తలూపాడు. ఎవరికీ కాదని చెప్పడం రానివాడు కదా.

ఓట్ల ముందు రోజుల్లో ఊరు ఊరులా లేదు. ఒడిశా వైపు నుంచి సారా ప్యాకెట్లు జీపుల్లో దిగాయి. షావుకారు గోడౌను వెనక రోజూ మేకలు కోసేవారు. దిసారికి కొత్త గొడుగు, ఒక రేడియో వచ్చాయి. ఆ రేడియో మెడలో వేసుకుని తిరుగుతూ, కుర్చీకే ఓటు వేస్తామని తన దగ్గర ఊరంతా ఒట్టు పెట్టుకోమని దేవత కలలో చెప్పిందని చాటాడు. ఓట్లకి ఒట్టు అన్న మాట మా ఊరు అంతకుముందు ఎరగదు. "ఓట్లకి ఒట్టేటి?" అని ఒకరిద్దరు ముసలాళ్ళు నసిగారు. మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్ళూ వరసలో ఉన్నారు. బడి నుంచి వస్తూ ఆ వరస చూశాను. గట్టు తగాదాల్లో ఊరికి న్యాయం చెప్పే పెద్దలు, ఎదురుపడితే నేను పక్కకి తప్పుకుని దారిచ్చే పెద్దలు, కాళ్ళ మీద నిలబడలేక ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని చేతులు చాచారు. ఒకాయన దేవత రాయి పక్కనే కక్కుకుని, మూతి తుడుచుకుని, అదే చేతిలో పసుపు బియ్యం పెట్టించుకున్నాడు. షావుకారు దూరంగా, చెప్పులు విప్పకుండా, చూస్తూ నిలబడ్డాడు. తన గోడౌను కూలీలకి వండే గుండిగలో కూడా ఆ బియ్యం వేయించాడు, చిలకమ్మ తినేది ఆ గుండిగలోదే. తన అభ్యర్థినే తను నమ్మలేదు. తన ఇంటి వంటింట్లో మాత్రం ఒక్క గింజ వెయ్యలేదు. ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

పొద్దు వాలుతుండగా పెద్దయ్య ఇంటికి వచ్చాడు. పొయ్యి మీద సామకూడు ఉడుకుతోంది. పెద్దమ్మ కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళింది. పెద్దయ్య నా వైపు చూసి, నోటి మీద వేలు పెట్టి, గుప్పిట కుండ మీద విప్పాడు. అప్పుడే పెద్దమ్మ కట్టెలతో లోపలికి వచ్చింది.

"ఏటేసినావు?"

"ఏటీ నేదే."

పెద్దమ్మ కట్టెలు కింద పడేసి తెడ్డుతో కూడు పైకి తీసింది. పచ్చటి గింజలు అంటుకుని వచ్చాయి.

"ఊటకోసం నాను నిలబడితే, నా కుండలో, నామీదే ఒట్టేసినావా?"

"ఊరందరూ అట్టుకున్నారే బుద్రీ. నానొక్కణ్ణీ ఎలగ కాదనీది? ఆడు నా బుజం మీద సెయ్యేసినాడే. సావుకారు, నా బుజం మీద!" పెద్దయ్య ఏడవడం మొదలుపెట్టాడు. చిన్నపిల్లలు ఏడ్చినట్టు, ముక్కు కారుతూ.

పెద్దమ్మ కొట్టలేదు, అరవలేదు. "ఛీ" అంది, అంతే. నేను ఆమె నోట చాలా తిట్లు విన్నాను కానీ ఆ శబ్దం అంతకుముందు వినలేదు. కుండ దించి పెద్దయ్య ముందు పెట్టి, బయటికి నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. ఊట దగ్గరికి వెళ్ళి, నీళ్ళలో నానిన రాళ్ళు ఏరి, కడిగింది. ఒకటి నా చేతికిచ్చింది, రెండు తను ఎత్తుకుంది. పెరట్లో పనసచెట్టు పక్కన ఆ మూడు రాళ్ళూ పాతింది. పాత పొయ్యిలో నిప్పు తేలేదు, అగ్గిపెట్టె గీసి కొత్తగా రాజేసింది. రాళ్ళు తడిగా ఉండడంతో మంట లేవకుండా పొగ కమ్మేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కంచె మీద నుంచి చూస్తున్నారు. ఊట దగ్గర అందరికంటే ముందు "నువ్వే నిలబడాల" అన్నావిడే "మొగుడుండగా ఏరుపొయ్యేటమ్మా, ఊరికి అరిష్టం" అంది. అని ఇంటికి వెళ్ళి పచ్చగింజల కూడు తింది. వాళ్ళందరూ తిన్నారు. ఊరంతా ఒట్టు తిని కూర్చుంది.

"రాయే గుంటా, కూడు సల్లారిపోతంది" అని లోపలి నుంచి పెద్దయ్య పిలిచాడు. గొంతు ఇంకా ఏడుపుతోనే ఉంది. నాకు ఆకలేస్తోంది. పెద్దయ్య అంటే ఇష్టం కూడా. నాకు ఓటు లేదు, నేను ఏ కుండలో తిన్నా ఎవరికీ పట్టదు. కానీ పొగలో కళ్ళు తుడుచుకుంటూ పిండి తిప్పుతున్న పెద్దమ్మని వదిలి లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. సగం ఉడికిన చోడి సంకటి తిన్నాను. పొగవాసన, పచ్చివాసన. పెద్దమ్మ నా తల మీద చెయ్యి వేసి నిమిరింది.

ఓట్ల రోజు తెల్లవారుతుండగా పెరట్లో అలికిడయింది. పెద్దమ్మ అంబలి దించుతోంది, నేను పక్కన చలికాచుకుంటున్నాను. కంచె సందులోంచి వచ్చింది చిలకమ్మ. షావుకారు భార్య ఇచ్చిన కొత్తచీర కట్టుకుంది, మడతల గీతలు ఇంకా పోలేదు. పెద్దమ్మా చిలకమ్మా ఒకరినొకరు చూసుకున్నారు, ఒక కుర్చీ, ఒక నిచ్చెన.

"ఏటే సిలకా?"

"ఆకలేత్తంది అప్పా" అంది చిలకమ్మ. అప్పా అంటే అక్క. "రేతిరేటీ తిన్లేదు."

షావుకారు ఇంట్లో మేకలు కోస్తుంటే ఆమె తినకుండా ఎందుకుందో పెద్దమ్మకి అర్థమైంది, నాకూ అర్థమైంది. పెద్దమ్మ దొన్నెలో అంబలి పోసింది. చిలకమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చివరి చుక్క దాకా తాగింది. అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకింది. "బేగి ఎల్లాల, కేకేత్తారు" అని మళ్ళీ కంచె సందులోంచి వెళ్ళిపోయింది. ఆ ఒట్టు ఆమె మీద ఇంక లేదు.

ఓట్లు బడిలో వేశారు, లెక్కపెట్టిందీ అక్కడే. చిలకమ్మ గెలిచింది. గెలవక ఏం చేస్తుంది, ఊరంతా పచ్చగింజలు తింటే. పూలదండ షావుకారు మెడలో పడింది. బ్యాండు, రంగులు, జీపు మీద ఊరేగింపు. చిలకమ్మకి కూడా ఎవరో ఒక దండ వేశారు, ఆమె దాన్ని తీసి సంతలో కొన్న ఆకుకూరలా చేత్తో పట్టుకుని జీపు వెనక నడిచింది. గెలుపు విందు అంట్లన్నీ ఆ సాయంత్రం తోమింది సర్పంచిగారే. నేను చూశాను, గోడౌను వెనక బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని, కొత్తచీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని.

ఆ తరవాత పాడేరు నుంచి ఏ ఆఫీసరు వచ్చినా జీపు షావుకారు వాకిట్లో ఆగేది. "సర్పంచిగారూ" అని షావుకారునే పిలిచేవారు, తమాషాకి కాదు, నిజంగానే. చిలకమ్మ వాళ్ళకి టీ తెచ్చేది, వేలిముద్ర వెయ్యమన్న చోట వేసేది, కప్పులు తీసుకుని లోపలికి పోయేది. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు, ఒక్కడికీ సిగ్గనిపించలేదు. ఊట నోటికి సిమెంటు తొట్టి కట్టి, గొట్టం వేసి, లాడ్జికి నీళ్ళు తీసుకెళ్ళారు. కొళాయి తిప్పుతూ ఫోటో దిగడానికి చిలకమ్మని నిలబెట్టారు. ఆ ఎండాకాలం మా మడిచెక్కలు పగిలాయి. ఆడవాళ్ళు కుండలతో లాడ్జి వెనక గేటు దగ్గర నిలబడి, వాచ్‌మన్‌ని బతిమాలి మా ఊట నీళ్ళే తెచ్చుకున్నారు. పెద్దమ్మ ఆ గేటుకి ఎప్పుడూ వెళ్ళలేదు. దూరంగా, కొండవాగు గెడ్డ దాకా నడిచి తెచ్చుకునేది.

ఎన్నిక అయిపోయింది, ఒట్టు తీరిపోయింది, ఇంక పొయ్యిలు కలుపుకోవచ్చని పెద్దలు వచ్చి చెప్పారు. మా ఆచారం ప్రకారం నిజమే. పెద్దయ్య కోడిని కూడా తెచ్చాడు, దేవతకి ఇచ్చి పొయ్యి కలపడానికి. పెద్దమ్మ అడ్డపొగ నోట్లోంచి తీసి "ఆడి మీద నాకు కోపం నేదు. ఆ పొయ్యి కూడు నోట్లో ఎడితే డోకొత్తాది, నానేటి సెయ్యను?" అంది. పెద్దయ్య కోడిని చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ మాట చివరిదాకా మారలేదు. ఒకే ఇల్లు, ఒకే చూరు, రెండు పొయ్యిలు. పెద్దయ్యకి వంట రాదు, రోజూ కూడు మాడ్చుకునేవాడు, మాడువాసన మా పెరట్లోకి వచ్చేది. అయినా రోజూ కొండ నుంచి కట్టెలు తెచ్చి, సగం తన పొయ్యి దగ్గర, సగం పెద్దమ్మ పొయ్యి దగ్గర పెట్టేవాడు. పెద్దమ్మ ఆ కట్టెలు వాడేది. పెద్దయ్యకి జ్వరమొస్తే నుదుటికి తడిగుడ్డ వేసేది. కూడు మాత్రం పెట్టేది కాదు, ఆయనా అడిగేవాడు కాదు. నాకు పెద్దమ్మ మీద కోపం వచ్చేది, ఇంత మొండితనం ఏమిటని. ఇప్పుడు రావడం లేదు. అసహ్యం కడుపులో పుడితే దాన్ని నచ్చజెప్పి పంపించడం ఎవరివల్లా కాదు.

నేను చదువు ముగించి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాక పెద్దమ్మ పోయింది. కబురందుకుని రైలెక్కి వెళ్ళాను. మా ఆచారంలో పొయ్యి పెట్టిన మనిషి పోతే, ఆ పొయ్యి కూడు తిన్న ముగ్గురు తలా ఒక రాయి పెకలించి, తెచ్చిన చోటికి తిరిగి చేర్చాలి. ఒక రాయి నేను తీశాను. ఊరికి వచ్చినప్పుడల్లా అక్క దగ్గరే తినేది కాబట్టి రెండోది మా అమ్మ తీసింది. మూడో రాయి మిగిలింది. పెద్దయ్య ముసలివాడైపోయాడు, ఆ పూట కూడా అలవాటు చొప్పున కట్టెలు తెచ్చి, ఆ మోపు దించకుండా నిలబడి ఆ రాయి వంకే చూస్తున్నాడు. వంగబోయాడు కూడా. "నీకు నేదు గాసీ, నువ్వీ పొయ్యి కూడు తిన్లేదు" అన్నారు ఎవరో. ఆగిపోయాడు.

అప్పుడు చిలకమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. అప్పటికి మాజీ సర్పంచి. ఇంకా అదే పెరడు, అవే అంట్లు. "మూడోది నాను తీత్తాను" అంది.

షావుకారు కొడుకు పలకరింపుకని వచ్చి, వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "నువ్వెందుకే చిలకా? నీకేటి సంబంధం?" అన్నాడు.

ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడే చిలకమ్మ ఈసారి ఉలిక్కిపడలేదు. "ఓట్ల పొద్దున్న నాను ఈ పొయ్యి అంబలి తాగినాను. నిచ్చెన మీద గుద్దినాను. నాకు నాను ఓటెయ్యలేదు బాబూ" అని, వంగి, మసిపట్టిన రాయిని రెండు చేతులతో ఎత్తి గుండెకి హత్తుకుంది. పచ్చగింజలు తిన్న ఊరు మొత్తం తల దించుకుంది. షావుకారు కొడుకు మాత్రం చిన్నగా నవ్వి, జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. అతనికి పోయిందేమీ లేదు. మేము రాళ్ళతో ఊట దగ్గరికి వెళ్ళాం. సిమెంటు తొట్టి బీటలు వారి ఉంది. గొట్టం తుప్పు పట్టింది. లాడ్జిలో బోరు వేసుకున్నాక ఊటని ఎవరూ పట్టించుకోలేదట, మెల్లగా ఎండిపోయింది. ఆ ఎండు రాళ్ళ మధ్యే పెద్దమ్మ రాళ్ళు పెట్టి వచ్చాం.

అప్పుడు అనుకున్నాను, ఇంతకంటే రోత పుట్టించేది ఇక చూడనని. ఇప్పుడీ స్టీలు పళ్ళెం చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. షావుకారు మా నమ్మకాన్ని కొన్నాడు, కొనడానికి అక్కడ ఒక నమ్మకం ఉంది. పచ్చగింజలు కుండలో వేసినందుకు మా పెద్దయ్య ఏడ్చాడు. మా ఆయన నవ్వాడు. ఇచ్చినావిడకి నమ్మకం లేదు, పుచ్చుకున్నాయనకి నమ్మకం లేదు, దేవుడి పటం మాత్రం పళ్ళెంలో ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇందులో కట్టుబడేవాళ్ళు లేరు, అందుకని విడిపించుకునేవాళ్ళూ లేరు. చిలకమ్మలాగా ఆకలితో కంచె సందులోంచి వచ్చే అవసరం ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున్న రెండో పార్టీవాళ్ళు వచ్చారు. ఈసారి ఇత్తడి పళ్ళెం, ఇంకో దేవుడు. నేను వంటింట్లో ఉన్నాను, కనపడిన పచ్చగింజలు ఏరేసి, ఆ డబ్బా బియ్యమే కుక్కరులో పెట్టి. హాల్లోంచి మా ఆయన నవ్వు వినపడింది, "తప్పకుండా అమ్మా, మా ఇంట్లో ఓట్లన్నీ మీకే" అన్న మాట వినపడింది. కుక్కరు కూత వెయ్యకముందే స్టవ్ ఆపేశాను. మూత తీసి, లోపలున్నది చెత్తబుట్టలో వంపేశాను. బియ్యం డబ్బా కూడా బోర్లించాను. వాళ్ళు వెళ్ళాక ఆయన గుప్పిట మూసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"అదేంటి, వంట?" అన్నాడు.

"ఇవాళ ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నాను.

ఆయన చల్లారిన స్టవ్ వైపు, ఖాళీ డబ్బా వైపు చూశాడు. కొండవాడు కదా, అర్థమైంది. నవ్వు పోయింది. ఆ పసుపు బియ్యం ఎక్కడ పెట్టాలో తెలియక, గుప్పిట అలాగే పట్టుకుని నిలబడ్డాడు.